కొండవాలు మెట్టలో గడ్డిమందు పత్తి వేయాలా, సేంద్రియంలోకి పోవాలా?

బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఒడిశాలో గుణుపురం నుంచి పద్మపూర్ పోయే దారిలో మీకు ఐదెకరాలు. రెండెకరాలు పల్లం, వరి. మూడెకరాలు వాలు మెట్ట, పత్తి. ఈ ఏడు మీ నాన్నగారు "కలుపు తియ్యక్కర్లేని పత్తి" అని, గడ్డిమందు కొట్టినా చావని రకం, మూడు ప్యాకెట్లు తెచ్చి అటక మీద పెట్టారు. నువ్వు సేంద్రియ పత్తి సంఘంలో చేరదామంటున్నావు. ఇంట్లో మాట పెరిగింది. జన్యుమార్పిడి విత్తనం విషమా, సేంద్రియం ఒట్టి మాటలా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నావు.

ఆ మూడు ప్యాకెట్లు వెయ్యొద్దు. ముందు ఇది చెప్పేస్తున్నాను. కానీ ఎందుకు వద్దంటున్నానో నువ్వు మీ నాన్నగారితో చెప్పేటప్పుడు "జన్యువు మార్చారు కాబట్టి విషం" అని చెప్పకు. ఆయన ఇరవై ఏళ్లుగా బీటీ పత్తి, అంటే పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తే, పండించి నిన్ను చదివించారు. ఆ మాట ఆయన నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

నేను ఎవరినో చెప్పాలి. మా తాత పాలకొండ వైపు నుంచి ఇటొచ్చాడు. గుణుపురంలో 22 ఏళ్లు విత్తనాలు, పురుగుమందుల కొట్టు నడిపాను. కొట్టు మూసి ఆరేళ్లు. ఇప్పుడు రామనగుడ దగ్గర ఏడెకరాలు చేసుకుంటున్నాను. అందుకని నేను చెప్పేదాంట్లో సగం నేను అమ్మిన సరుకు గురించే.

కొట్టు పెట్టిన ఏడే వరంగల్ వైపు పత్తి రైతులు పురుగుకి తట్టుకోలేక, అప్పు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నారు. 1997-98 సంగతి. శనగపచ్చ పురుగు ఏ మందుకూ చావని రోజులవి. వారానికి రెండుసార్లు కొట్టినా కాయలోపల తలపెట్టి తింటూనే ఉండేది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆంధ్రతో కలిపి ఆరు రాష్ట్రాలకు. ఆ జాబితాలో ఒడిశా లేదు. అయినా పార్వతీపురం బస్సులో సంచుల్లో ప్యాకెట్లు దిగాయి. ప్యాకెట్టు 1,600 రూపాయలు. అంత ధరకూ జనం కొన్నారు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్ దగ్గర కొట్లాడాక అది 750కి దిగింది. 2025లో కేంద్రం కట్టిన గరిష్ఠ ధర 901.

ఆ మొదటి ఏళ్లలో నా కళ్లతో చూశాను. పది పన్నెండుసార్లు మందు కొట్టేవాడు మూడు నాలుగుసార్లతో గట్టెక్కాడు. దేశం మొత్తం మీద హెక్టారుకు దూది సుమారు 300 కిలోల నుంచి 2007-08 నాటికి 550 దాటింది. అదంతా బీటీ ఒక్కదాని పుణ్యం అనను. గుజరాత్‌లో నీళ్లు పెరిగాయి, మంచి హైబ్రిడ్లు వచ్చాయి, విత్తనానికే రసం పీల్చే పురుగుల మందు పట్టించడం వచ్చింది. కానీ కాయతొలుచు పురుగు నుంచి బీటీ కాపాడిందన్నది నిజం. దాన్ని కాదంటే మీ నాన్నగారి లాంటి వాళ్ల అనుభవాన్ని కాదన్నట్టు.

విషం సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. బీటీ అంటే మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. అది తయారుచేసే ప్రోటీను గొంగళిపురుగు పేగులో క్షారం ఉండబట్టి అక్కడ కరిగి, ఆ పేగు గోడకి అతుక్కుని చిల్లు చేస్తుంది. మన పొట్టలో ఆమ్లం, అతుక్కునే చోటు లేదు. సేంద్రియ రైతులు పొడి రూపంలో కొట్టుకునే బీటీ మందు ఆ బాక్టీరియాదే. సేంద్రియ నియమాలు దాన్ని ఒప్పుకుంటాయి. బీటీ పత్తిలో ఆ ప్రోటీను చేసే జన్యువుని మొక్కలోకే ఎక్కించారు. పత్తిగింజల నూనె మనం తింటున్నాం, చెక్క పశువులకి పెడుతున్నాం.

మరి ఎక్కడ చెడింది? ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. అప్పట్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వచ్చేది, బీటీ కాని విత్తనం. చేను చుట్టూ ఐదు సాళ్లు దాన్ని వెయ్యాలి. రైతులు "ఇదేటి బాబూ, పురుక్కి మేత మేమెందుకెయ్యాల?" అని అడిగేవారు. నాకూ తెలీదు. "అక్కర్లేదు, పారెయ్యండి" అన్నాను. ఒక్కరికి కాదు, వందల మందికి. సీజను అయ్యేసరికి నా కొట్టు వెనక ఆ చిన్న ప్యాకెట్ల గుట్ట ఉండేది. ఆవులకి పెట్టేశాను.

అది ఎందుకు పెట్టారో చాలా ఏళ్లకి తెలిసింది. లక్షల పురుగుల్లో ఏ ఒకటో రెండో బీటీకి చావకుండా మిగులుతాయి. చేనంతా బీటీయే అయితే మిగిలిన ఆ మొండిపురుగులు వాటిలో అవే జతకట్టి మొండి సంతానాన్నే కంటాయి. పక్కన బీటీ కాని ఐదు సాళ్లుంటే అక్కడ మామూలు పురుగులు బోలెడు బతికి, వీటితో జతకడతాయి. ఆ పిల్లలు చాలావరకు బీటీ తిని చస్తాయి. ఐదు సాళ్ల నష్టంతో మిగతా చేను పదేళ్లు నిలబడేది. మేము పారేసింది ఆ పదేళ్లని.

పత్తికాయలో దూరి గింజని తినే గులాబీ పురుగు ముందు గుజరాత్‌లో ఒక్క జన్యువున్న మొదటి రకం బీటీని దాటింది, 2009లోనే అమ్రేలీలో దొరికింది. రెండు జన్యువుల రకాన్ని కూడా దాటాక 2017లో మహారాష్ట్రలో చేలకి చేలు పోయాయి. అదే ఏడు యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఆ పొగ పీల్చి 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. "రెండు మందులు కలిపి కొట్టు, పని చేస్తుంది" అని నేనూ చెప్పినవాణ్ణే.

2018 నవంబరులో నా చేలోకే వచ్చింది. పొద్దున్నే వెళితే పసుపు పూలు కొన్ని విచ్చుకోకుండా ముడుచుకుని గులాబీ మొగ్గల్లా ఉన్నాయి. గుడ్డిపూలు అంటాం వాటిని. ఒకటి తెంపి రేకులు విడదీశాను. లోపల పట్టుదారం లాంటి సన్నటి పోగుతో రేకులన్నీ కుట్టేసినట్టున్నాయి, మధ్యలో బియ్యపుగింజంత పురుగు. తరవాత పచ్చికాయలు కోశాను. బయట ఏ మచ్చా లేదు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పురుగు లోపలికి దూరాక ఆ రంధ్రం మూసుకుపోతుంది. లోపల మాత్రం మూడు గదుల్లో రెండు నల్లగా కుళ్లి, గింజని తొలిచి, గులాబీ రంగు పురుగు. అప్పుడిక ఏ మందు కొట్టినా దాన్ని చేరదు. సేంద్రియ కషాయమూ చేరదు, కంపెనీ మందూ చేరదు. ఈ ఒక్క విషయం రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకోవాలి.

అమెరికాలో ఇదే పురుగుని 2018లో పూర్తిగా నిర్మూలించామని ప్రకటించారు. అక్కడా బీటీ పత్తే. బీటీ కాని పక్క సాళ్లు పద్ధతిగా వేయించారు, గొడ్డుబోయిన రెక్కల పురుగుల్ని విమానాల్లో వదిలారు, పంట తీసేశాక మోళ్లు దున్నించారు. చైనాలో హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేసేవారు, అందులో నాలుగో వంతు మొక్కలకి బీటీ ఉండదు. తెలియకుండానే పక్క సాళ్లు చేలోనే కలిసిపోయాయి. మూడుచోట్లా బీటీయే. మనకి ఇంకో చిక్కు ఉంది. మన దేశంలో బీటీని దాదాపు హైబ్రిడ్లలోనే పెట్టారు. హైబ్రిడ్ అయితే ఏటా కొనాలి కదా. ఆ హైబ్రిడ్లు ఆరు నెలలు చేలో నిలబడతాయి. గులాబీ పురుగు అక్టోబరు తరవాతే బలుస్తుంది. ఐదు నెలలకే చేతికొచ్చే సూటి రకాల్ని (గింజ దాచుకుని మళ్లీ వేసుకునేవి) దగ్గర దగ్గరగా వేస్తే దానికి పండగ ఉండదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వాళ్లు దీన్ని ఏళ్లుగా చెబుతున్నారు. కొట్టులో ఆ విత్తనం కనపడదు, అడిగేవాడూ లేడు.

ఇప్పుడు మీ అటక మీది ప్యాకెట్ల సంగతి.

అది గడ్డిమందుకి చావని పత్తి. మహారాష్ట్ర వైపు దాన్ని చోర్ బీటీ అంటారు. దేశంలో దానికి అనుమతి లేదు. 2019 జూన్‌లో అకోలా జిల్లాలో రైతు సంఘం వాళ్లు "మా హక్కు" అని బహిరంగంగా విత్తి చూపించారు, అయినా అనుమతి రాలేదు. ప్యాకెట్ తిప్పి చూడు. తయారీ చిరునామా ఉండదు, లాట్ నంబరు ఉంటే అది నిజమో కాదో తెలీదు, బిల్లు ఇవ్వరు. మొలక రాకపోతే, లోపల బీటీ ఏ రకమో తేడా వస్తే ఎవర్ని అడుగుతారు? నాకు ఒకసారి ఇలాంటి సరుకు తెచ్చినతను, మరుసటి ఏడు ఫోనే ఎత్తలేదు. అప్పటికి పదిమంది రైతులు నా కొట్టు ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ల అరువు నేనే వదులుకున్నాను.

దీన్ని తీసుకోడానికి మీ నాన్నగారికున్న కారణం నిజమైనదే. కలుపుకి మనుషులు దొరకరు. దొరికినా మూడు కలుపులకి పెట్టే కూలి పత్తి ధరలో పెద్ద ముక్క తినేస్తుంది. "సహజంగా చెయ్యి" అని చెప్పేవాళ్లలో చాలామంది జూలై ఎండలో వంగి కలుపు తీసినవాళ్లు కారు. అది నాకు తెలుసు.

కానీ వాలు మెట్టలో ఏం జరుగుతుందో చూడు. పైనుంచి గడ్డిమందు కొడితే పత్తి తప్ప పచ్చగా ఉన్నదల్లా మాడిపోతుంది. అంటే మధ్యలో కంది సాలు ఉండదు. గట్టు మీద నువ్వులు ఉండవు, బొబ్బర్లు ఉండవు. మా పక్క చేలో పని చేసే సవర ఆడపడుచు ఒకామె పోయినేడు తన కొంగు విప్పి చూపించింది. పత్తిచేలో కలుపు తీస్తూ ఏరిన తోటకూర, చెంచలి కూర, గునుగు. ఆ పూట కూర అదే. "బాబూ, మందు కొట్టిన చేలోకి ఎల్తే కూలి డబ్బులే వస్తాయి, కూర రాదు" అంది. పైగా జూలైలో నేలని బోడి చేసి వదిలితే, కొండవాలు మీద మొదటి పెద్దవానకే ఎర్రమట్టి వంశధారలో కలుస్తుంది. మందు గాలికి కొట్టుకుపోయి పక్కవాడి చోళ్ల (రాగుల) మీద పడితే తగువు వేరే. బీటీ కాయతొలుచు పురుగుల మీద పని చేస్తుంది, చేలో మిగతా పంటల జోలికి పోదు. ఈ కొత్త పత్తి అలా కాదు, చేలో తనొక్కతే ఉండాలంటుంది. రెండింటినీ జన్యుమార్పిడి అనే ఒకే గంపలో వెయ్యకు. మన కొండలకి తేడా ఇక్కడే ఉంది.

ఆ మందు పేరు గ్లైఫోసేట్. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సర్ పరిశోధన విభాగం 2015లో "బహుశా కేన్సర్ కారకం" అని వర్గీకరించింది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ మాట ఒప్పుకోలేదు. మన కేంద్రం 2022లో దాన్ని లైసెన్సున్న పురుగు నియంత్రణ పనివాళ్లే కొట్టాలని ఆంక్ష పెట్టింది. వీపున డబ్బా కట్టుకుని చెప్పుల్లేకుండా వెళ్లే మన పనివాడికి ఆ ఆంక్ష ఎవరూ చెప్పరు.

సేంద్రియం దగ్గరికి వస్తాను. నువ్వు చేరదామంటున్న సంఘం చెడ్డదని అనడం లేదు. కానీ మూడు సంగతులు అడిగి తెలుసుకుని చేరు. బీటీ కాని విత్తనం ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు? మన చుట్టూ అంతా బీటీయే, మే నెలాఖరుకి విత్తనం చేతిలో లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. సర్టిఫికెట్ రావడానికి విత్తే ముందు కనీసం రెండేళ్లు నియమాలు పాటించి ఉండాలి. ఆ రెండేళ్లూ మామూలు ధరకే అమ్ముకోవాలి, దిగుబడి మాత్రం తగ్గుతుంది. ఆ లోటు ఎవరు మోస్తారు? మూడోది, సంఘంలో ఒక్కడు దొంగతనంగా యూరియా చల్లినా, మిల్లులో పక్కవాళ్ల బీటీ దూది కలిసినా అందరి సర్టిఫికెట్టుకీ దెబ్బ. మిల్లులో విడిగా ఆడించే ఏర్పాటు ఉందా?

ఇంకో లెక్క పేడది. ఎకరాకి నాలుగైదు బళ్ల పశువుల ఎరువు కావాలి. మీకు ఒక్క ఆవు ఉందన్నావు. జీవామృతానికి సరిపోతుంది, 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. కానీ ఎప్పుడో ఎండిపోయిన వాలు మెట్టకి అదొక్కటే తిండి అనుకుంటే పత్తి పసుపు తేలుతుంది. ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి రాత్రికి రాత్రి ఆపేసి, ఆరేడు నెలలకే వెనక్కి తగ్గింది. పార్వతీపురం మన్యంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లని వెళ్లి చూడు. వాళ్లు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలని కప్పుతారు. అది మన వాలు నేలకి బాగా పనికొస్తుంది, దానికి సర్టిఫికెట్టూ అక్కర్లేదు, సంఘమూ అక్కర్లేదు.

పల్లం రెండెకరాల గురించి నువ్వు అడగలేదు. కానీ సేంద్రియం మొదలుపెట్టాలంటే అక్కడే పెట్టు. మన దేశంలో జన్యుమార్పిడి వరి లేదు కాబట్టి ఆ గొడవే లేదు. 2025 మేలో కేంద్రం విడుదల చేసిన రెండు వరి రకాలు జన్యు సవరణవి. అందులో కమల అనేది మన సాంబ మసూరినే హైదరాబాద్ వరి పరిశోధన సంస్థలో సవరించి చేసినది. బయటి జన్యువు పెట్టలేదు, ఉన్నదాన్నే కొంచెం కత్తిరించారు. దాని గురించి భయపడక్కర్లేదు. కానీ మన ఇంటి పక్కనే అంతకన్నా పెద్ద సంపద ఉంది. బిస్సంకటక్ దగ్గర దేబల్ దేబ్ గారు వెయ్యికి పైగా దేశీ వరి రకాల్ని ఏటా నాటుతూ బతికిస్తున్నారు. జయపురం దగ్గర పత్రాపుట్‌లో కమలా పూజారి గారు చదువు లేకుండానే వంద రకాల దాకా కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. వాన వెనక్కి పోయినా, పల్లంలో నీరు నిలబడినా తట్టుకునే రకం వాటిలో దొరుకుతుంది. అర ఎకరంలో వేసి చూడు, గింజ నీదే ఉంటుంది.

ఇక మూడెకరాల మెట్ట. నేనైతే ఇలా చేస్తాను.

పైన, వాలు ఎక్కువున్న ఎకరంలో పత్తి మానేస్తాను. చోళ్లు, కంది కలిపి. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలయ్యాక మన జిల్లా మండీల్లో చోళ్లని మద్దతు ధరకి కొంటున్నారు. 2025-26కి క్వింటా 4,886 రూపాయలు. మందు ఖర్చు దాదాపు ఉండదు. ఇంట్లో అంబలికి ఉంటుంది.

కింద రెండెకరాల్లో, బిల్లుతో కొన్న బీటీ, కొట్టువాణ్ణి అడిగి అన్నిటికన్నా ముందు చేతికొచ్చే రకం. ఇప్పుడు బీటీ కాని గింజల్ని 475 గ్రాముల ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు కాబట్టి పారేసే వీల్లేదు, మంచిదైంది. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది. కందితో శనగపచ్చ పురుగు కొంచెం అటు మళ్లుతుంది. గులాబీ పురుగు మళ్లదు, అది పత్తి తప్ప మరోటి పెద్దగా ముట్టదు. సాళ్లు గుంటక తిరిగేంత వెడల్పుగా వేయి. మొదటి రెండు కలుపులు ఎద్దులతో, సాలులో మిగిలింది మనుషులతో. మీ నాన్నగారి కూలి బాధ ఇందులో సగం తీరుతుంది. మొదటి 60 రోజులు రసం పీల్చే పురుగులకి వేపగింజల కషాయమే కొట్టు, 5 కిలోల పలుకుకి 100 లీటర్ల నీళ్లు. ఆ రోజుల్లో గట్టి మందు కొడితే పేనుబంకని తినే అక్షింతల పురుగులు చస్తాయి, తరవాత పేనుబంక తిరిగి వస్తుంది.

మొగ్గ పడగానే ఎకరాకి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగేవి) కట్టు. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది రెక్కల పురుగులు పడితే, అప్పుడు చెయ్యి కదపాలి. అంతకుముందు అక్కర్లేదు. గుడ్డిపూలు కనపడితే తెంపి సంచిలో వేసి కాల్చెయ్యి. అక్టోబరు నుంచి వారానికోసారి ఎకరానికి ఇరవై పచ్చికాయలు కోసి చూడు. రెండింట్లో బతికున్న పురుగుంటే మందు తప్పదు. అప్పుడు ఒక్క మందే, కలపకుండా, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలికి వీపు పెట్టి. డిసెంబరు దాటి చేను ఉంచకు. రెండో కాపు మీద ఆశ పెట్టుకుంటే పురుగుని వచ్చే ఏటికి దాచినట్టే. మేకల్ని తోలి, కట్టె పీకేసి, ఇంటి గోడకి మాత్రం ఆనించి పేర్చొద్దు. ఎండిన కాయల్లోనే అది నిద్రపోతుంది.

సంఘం సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఆ మూడు ప్రశ్నలకి వాళ్లు కాగితం మీద జవాబిస్తే, పై ఎకరం ఎలాగూ మందు లేకుండా ఉంటుంది కాబట్టి దాన్నే రాయించు. అక్కడ నీ రెండేళ్ల లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో వాళ్లనే అడుగు.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆ ప్యాకెట్ ఒకటి చేతిలో పెట్టి, దీని మీద చిరునామా ఎక్కడుందో చూపించమను. ఆయన ఇంకా వినకపోతే ఆదివారం రామనగుడ తీసుకురా. నా చేలో కంది సాళ్లు చూపిస్తాను, నా కొట్టు సంగతి కూడా ఆయనకి నేనే చెబుతాను.